మనుమరాలు మా దగ్గర పెరిగింది: అరవై దాటిన ఒంటితో పిల్లను పెంచిన అనుభవం

హైదరాబాదులో కొలువు చేసే పిల్లలున్న హన్మకొండ, కాజీపేట ఇళ్ళలో ఇది ఇప్పుడు మామూలు సంగతి. కూతురికి ప్రసూతి సెలవు 26 వారాలు. 2017లో చట్టం మారినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు అంత ఇస్తున్నారు. ఆ సెలవు అయిపోయేసరికి పాపకు ఆర్నెల్లు నిండుతాయి, తల్లిపాలతో పాటు పై తిండి మొదలుపెట్టాల్సిన ఈడు కూడా అదే. అంటే పాప మన చేతికి వచ్చేది పని ఎక్కువయ్యే రోజుల్లోనే. మా మనుమరాలు అట్లాగే ఆరో నెల నిండాక వచ్చి మూడేళ్ళు నిండేదాకా మా దగ్గర ఉంది.

పిల్లల్ని పెంచడం మాకు కొత్తేం కాదు. ఈ వయసులో పెంచడమే కొత్త. మోకాళ్ళు, చూపు, వినికిడి, మందులు, నిద్ర అన్నీ ముప్పై ఏళ్ళ కిందటిలా ఉండవు. వాటిని లెక్కలో పెట్టుకుని ఇల్లూ, రోజువారీ పనులూ సర్దుకుంటేనే పాపా క్షేమంగా ఉంటుంది, మనమూ మంచాన పడకుండా ఉంటాం. ప్రేమ ఎట్లాగూ ఉంటుంది కాబట్టి దాని గురించి రాయడం లేదు. సర్దుకోవడం గురించే రాస్తున్నా.

పాప రాకముందే ఇద్దరం పరీక్షలు చేయించుకోవాలి. షుగర్, బీపీ చూపించుకోవాలి, కళ్ళజోడు నంబరు సరిచేయించుకోవాలి. ఏటా వేసుకునే ఫ్లూ టీకా డాక్టరును అడిగి వేయించుకుంటే మేలు. చిన్నపిల్లలున్న ఇంట్లో జలుబు, దగ్గు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటాయి. కాగితాలు ఒక్క ఫైలులో పెట్టుకోవాలి: జనన ధృవీకరణ పత్రం, టీకాల కార్డు, ఆరోగ్య బీమా కార్డు నకలు, "పాప వైద్యం విషయంలో అమ్మమ్మ, తాత నిర్ణయం తీసుకోవచ్చు" అని తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం పెట్టిన ఒక కాగితం. ఆపరేషన్ లాంటిది వస్తే ఆసుపత్రివాళ్ళు తల్లిదండ్రులనే అడుగుతారు. అయినా రాత్రిపూట ఎమర్జెన్సీ గదిలో "మీరెవరు" అన్న ప్రశ్నకు ఆ కాగితం ఉంటే మాట తొందరగా తెగుతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే నీలి రంగు బాల ఆధార్‌కు వేలిముద్రలు అక్కర్లేదు గానీ తల్లి లేక తండ్రి ఆధార్ కావాలి. వాళ్ళు ఊళ్ళో ఉన్న రోజే ఆ పని ముగించుకోవాలి.

కూతురుతో, అల్లుడితో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సినవి రెండు. ఖర్చు ఎవరిది, డాక్టరు మాటకూ మన అలవాటుకూ పొత్తు కుదరనప్పుడు ఎవరి మాట చెల్లాలి. మేము రెండో దానికి డాక్టరు మాటే అని ఒప్పుకున్నాం. దాంతో సగం తగువులు పుట్టకుండానే పోయాయి. నెలకు ఒక శని ఆదివారాలు మాకు పూర్తిగా సెలవు అని కూడా ముందే చెప్పాం. అది మొహమాటపడాల్సిన విషయం కాదు.

బరువు ఎత్తడంతో మొదలుపెడతా, ఎందుకంటే పెద్దవాళ్ళు ముందు దెబ్బతినేది అక్కడే. పుట్టినప్పుడు 3 కిలోలున్న పిల్ల ఐదో నెలకు దాదాపు 6 కిలోలు, ఏడాదికి 9, రెండేళ్ళకు 12 కిలోల దాకా వస్తుంది. నడుం వంచి నేల మీది నుంచి ఎత్తితే ఆ బరువంతా వెన్ను మీద పడుతుంది. ఎత్తు పీట మీద కూర్చుని, పాపను ముందు ఛాతీకి ఆనించుకుని, ఆ తర్వాత ఒక చెయ్యి గోడకో మంచం కోడుకో పట్టి లేవాలి. ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకుంటే తుంటి, నడుం ఒక పక్కకు లాగుతాయి, అందుకని పక్కలు మార్చుకోవాలి. డైపర్ మార్చేది నేల మీద కాదు, నడుం ఎత్తు బల్ల మీద. కావాల్సినవన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే పాపను పడుకోబెట్టాలి, ఒక చెయ్యి పాప మీది నుంచి తీయకూడదు.

నీళ్ళు పోయడం కూడా అంతే. కాళ్ళు చాపి కింద కూర్చుని, కాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టుకుని పోయడం మన పద్ధతి. మోకాళ్ళు అరిగినవాళ్ళకు కూర్చోవడం కంటే, తడి నేల మీద నూనె చేతులతో పాపను పట్టుకుని లేవడం ప్రమాదం. నేను పొట్టి స్టూలు మీద కూర్చుని, ఎదురుగా వెడల్పాటి టబ్బులో రెండు అంగుళాల నీళ్ళలో పాపను కూర్చోబెట్టి పోసేదాన్ని. స్నానం అయ్యాక లేపి తీసుకెళ్ళేది రెండో మనిషి. నీళ్ళ వేడి మోచేతితో చూడాలి, అరచేతికి వేడి తెలియకపోవచ్చు, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళకు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, కళ్ళకు కాటుక పెట్టడం, సాంబ్రాణి పొగ పట్టడం మానేశాం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కాటుకల్లో కొన్నింట్లో సీసం ఉంటుంది, పొగ పసివాళ్ళ ఊపిరికి పడదు. ఒంటికి నూనె రాసి మెల్లగా మర్దన చేయడం మాత్రం మానలేదు, అందులో తప్పేం లేదు.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి వారం రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు చాలు. ఎనిమిదో నెల వచ్చేసరికి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిది నుంచి పదకొండు నెలల దాకా అదే అరగిన్నె మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. తల్లిపాలు దొరికినంత కాలం ఇవ్వాలి. కూతురు వారం వారం వచ్చేటప్పుడు పిండి తెచ్చిన పాలను మంచు సంచిలో తెచ్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. ఫ్రిజ్ లోపల నాలుగు రోజులు, గడ్డకట్టే అరలో నెలల తరబడి ఉంటాయి. బయట నాలుగు గంటలు ఉంటాయన్న మాట 25 డిగ్రీల గదికి వర్తిస్తుంది. మే నెల వరంగల్‌లో ఆ మాట నమ్ముకోకూడదు. వేడి నీళ్ళ గిన్నెలో సీసా పెట్టి గోరువెచ్చన చేయాలి గానీ పొయ్యి మీద కాచకూడదు. పాప తాగగా మిగిలినవి రెండు గంటల్లో పారబోయాలి. పాలు పొయ్యడానికి సీసా, పీక కన్నా మూతి వెడల్పు గిన్నె, చెంచా మేలు, కడగడం సులువు.

ఉగ్గుకు బియ్యం మూడు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు. కడిగి ఆరబెట్టి, సన్నని మంట మీద విడివిడిగా దోరగా వేయించి, సన్న రవ్వలా పట్టించాలి. పప్పు కలపడం ఎందుకంటే బియ్యంలోని మాంసకృత్తుల్లో కొరవడేది పప్పులో ఉంటుంది. వానకాలంలో పురుగు పడుతుంది కాబట్టి వారానికి సరిపడానే పట్టించుకోవాలి. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు నీళ్ళతో పది నిమిషాలు ఉడికించి, దించాక అరచెంచా నెయ్యి వేయాలి.

మా వయసువాళ్ళు చేసే పొరపాటు ఒకటే, పల్చగా జావలా చేయడం. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో నీళ్ళు పోసుకుంటూ పోతాం. చిన్న పొట్ట నీళ్ళతోనే నిండిపోతుంది, పిల్ల తిన్నట్టే ఉంటుంది, బరువు మాత్రం కదలదు. చెంచా పక్కకు వంచితే జారిపోకుండా నిలవాలి, అదే సరైన చిక్కదనం. తొమ్మిదో నెలకు మెత్తగా పిసికిన బువ్వ, పప్పు, ఉడికించిన కూరగాయ ముక్కలు. ఏడాదికి ఇంట్లో వండిందే, కారం వేయకముందు తీసిపెట్టింది. ఆర్నెల్లు నిండాక బాగా ఉడికించిన గుడ్డు, పచ్చసొన తెల్లసొన రెండూ పెట్టొచ్చు. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర వద్దు, తేనె అసలే వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో విషం పుట్టిస్తుంది, నాలుకకు రాసే బొట్టు కూడా అదే లెక్క. ఆవు, గేదె పాలు ఏడాదిలోపు తాగే పాలుగా ఇవ్వకూడదు, వాటిలో ఇనుము తక్కువ. పెరుగు కొంచెం పెట్టొచ్చు. ఉప్పు విషయంలో మాకో మేలు జరిగింది. బీపీ కోసం ఎన్నేళ్ళుగా తగ్గించాలనుకున్న ఉప్పు, పాప పప్పు విడిగా తీయడంతో పాటు మా పప్పులోనూ తగ్గింది.

అంగన్వాడీలో పేరు రాయించుకోవడం మర్చిపోవద్దు, మనకేం లోటని అనుకోవద్దు. ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా నెలకు 2.5 కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు ఇస్తారు. అన్నింటికన్నా విలువైంది అక్కడ ప్రతి నెలా తూకం వేసి కార్డులో గుర్తు పెట్టడం. బాలామృతంలో చక్కెర ముందే ఉంటుంది, ఇంకా కలపకూడదు. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు, దానితో విటమిన్ ఏ చుక్కలు. పదహారో నెల నుంచి రెండేళ్ళలోపు రెండో మోతాదు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్. విటమిన్ ఏ ఐదేళ్ళ దాకా ఆర్నెల్లకోసారి. ఆర్నెల్లు నిండాక వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. దాంతో దొడ్డికి నల్లగా వెళ్తుంది, కంగారు పడక్కర్లేదు. పాలతో కలిపి ఇస్తే ఒంటికి పట్టదు.

జ్వరం మందు దగ్గర చూపు మోసం చేస్తుంది. పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఇంతవరకు సులువే. షాపులో దొరికేవి మూడు రకాలు, మూడింటి సీసాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు. ఇంకోటి 5 మిల్లీలీటర్లకు 250. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100. ఎనిమిది కిలోల పిల్లకు 120 మిల్లీగ్రాములు కావాలంటే మొదటిది 5 మిల్లీలీటర్లు, రెండోది 2.4, చుక్కల మందు 1.2 మాత్రమే. చుక్కల మందును సిరప్ అనుకుని 5 మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతలు దాటిపోతుంది, కాలేయానికి చెరుపు. అందుకని ఇంట్లో ఒకే రకం ఉంచాలి. కొన్న రోజే డాక్టరుతో మోతాదు చెప్పించుకుని సీసా మీద లావు మార్కరుతో "పాప 8 కిలోలు, 5 మి.లీ." అని రాసి, బరువు పెరిగినప్పుడల్లా అడిగి మార్చాలి. ఇచ్చిన టైము గోడ క్యాలెండర్‌లో రాయాలి. నేను ఇచ్చింది తెలియక తాత మళ్ళీ ఇవ్వడం అనే ప్రమాదం దాంతో పోతుంది. జ్వరంలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా పెట్టకూడదు, తాళాల గుత్తి చేతిలో పెట్టడాలు వద్దు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108.

విరేచనాలకు లీటరు నీళ్ళకని రాసున్న ఓఆర్ఎస్ పాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం పాకెట్ గ్లాసులో అంటూ కొలిస్తే ఉప్పు పాలు చెడుతుంది. విరేచనం అయినప్పుడల్లా రెండేళ్ళలోపు పిల్లకు పావు గ్లాసు నుంచి అరగ్లాసు, చెంచా చెంచాగా. ఇరవై నాలుగు గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. జింకు మందు 14 రోజులు వాడాలి, విరేచనాలు ఆగినా ఆపొద్దు. ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, రక్తం పడినా ఇంట్లో ఉండకూడదు.

పెద్దవాళ్ళ ఇంట్లో పిల్లలకు అన్నింటికంటే పెద్ద ప్రమాదం మన మాత్రలే. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా పసిపిల్ల రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది, అదీ గంటల తర్వాత. బీపీ, గుండె మాత్రలూ అంతే ప్రమాదం. మనం మాత్రలు పెట్టేచోట్లు ఒకసారి గుర్తు చేసుకోండి: దిండు కింద, చీర కొంగు ముడిలో, కిటికీ గూట్లో, బస్సు ప్రయాణపు సంచి జేబులో. ఏడో నెల నుంచి పాకే పిల్లకు ఇవన్నీ అందేవే. మేము అన్నీ తీసి బీరువా పై అరలో తాళం వేసి పెట్టాం. పొద్దుటి మాత్ర నిలబడే వేసుకోవాలి. కింద పడితే దొరికేదాకా వెతకాలి, తర్వాత చూద్దాం అనొద్దు. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళ చేతిసంచులు కూడా పైన పెట్టించాలి. కర్పూరం, నాఫ్తలిన్ గోలీలు, తలనొప్పికి రాసుకునే బామ్ కూడా ఇదే వరుస.

చెవి మిషను బ్యాటరీ గురించి చాలామందికి తెలియదు. చిన్న బిళ్ళ అది. మింగితే అన్నవాహికలో చిక్కుకుని రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. కక్కించడానికి ప్రయత్నించకుండా, ఎక్స్‌రే తీసే పెద్ద ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్ళాలి. పాత బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకుండా మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచాలి.

గొంతుకు అడ్డం పడేవి మన వంటింట్లో చాలా ఉన్నాయి. పల్లీలు, పుట్నాలు, చింతపండు ఒలిచినప్పుడు రాలే గింజలు, సంక్రాంతికి సకినాల ముక్కలు. నాలుగేళ్ళు దాటేదాకా పల్లీ గింజ ఇవ్వకూడదు, పొడి కొట్టి బువ్వలో కలపొచ్చు. చింతపండు పని పాప నిద్రపోయినప్పుడే పెట్టుకుని, ఆ వెంటనే ఊడవాలి. ఏడాదిలోపు పిల్లకు అడ్డం పడితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెక్కల నడుమ అయిదు దెబ్బలు. రాకపోతే తిప్పి రొమ్ము ఎముక మీద అయిదుసార్లు నొక్కాలి. ఊపిరి ఆడేదాకా మార్చి మార్చి చేస్తూ 108కు ఫోను చేయించాలి. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి తడమకూడదు. కూర్చుని, తొడ ఆసరాగా చేస్తే మన చేతులకూ పట్టు దొరుకుతుంది. నీళ్ళ గోలెం, బకెట్, సంపు మూతలు ఎప్పుడూ వేసే ఉండాలి. చేతిలో బిస్కెట్‌తో పాపను వాకిట్లో వదలొద్దు. మా వైపు కోతులు గుంపులుగా దిగుతాయి, తిండి కోసం పిల్లల మీదికే వస్తాయి.

మన ఒంటి గురించి ఒక్కటి ముఖ్యం. షుగర్ మాత్ర వేసుకున్నాక "పాపకు పెట్టి తింటా" అని కూర్చోకూడదు. పాప గిన్నె ముగిసేసరికి ముప్పావు గంట అవుతుంది. ఈలోపు రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలవుతాయి, చేతిలో పిల్ల ఉంటుంది. ముందు మనం తినాలి, తర్వాతే పాప. లేకపోతే ఇద్దరం ఒకేసారి. మూడు చెంచాల చక్కెర మూత డబ్బాలో పడకగదిలోనూ ఉంచాలి. వయసు మీద పడ్డాక దాహం సరిగా తెలియదు. ఎండకాలంలో పాపకు నీళ్ళు తాగించిన ప్రతిసారీ మనమూ ఒక గ్లాసు తాగాలని పెట్టుకున్నాం. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పోవడం లేదు. నడక మానొద్దు. పొద్దుగాల ఆరింటికి తాత పాపను పిల్లల బండిలో కూర్చోబెట్టుకుని భద్రకాళి చెరువు బండ్ మీదికి తీసుకెళ్తే, ఆ గంట నాది. నిద్రమాత్ర వేసుకున్నవాళ్ళు పాప పక్కన పడుకోకూడదు. రాత్రి ఏడుపు వినపడనివాళ్ళు ఒక్కరే పిల్లతో వేరే అర్రలో ఉండకూడదు.

రెండేళ్ళలోపు ఫోన్ చూపించొద్దని పిల్లల డాక్టర్ల మాట. అమ్మానాన్నతో వీడియో కాల్‌కు మినహాయింపు ఉంది. బువ్వ పెట్టేటప్పుడు కాదు, రోజూ ఒకే టైముకు, స్నానమయ్యాక.

తిరిగి పంపడం ఒక్కరోజు పని కాదు. కూతురు ముందు వారం రోజులు సెలవు పెట్టి మా ఇంట్లోనే పాపకు స్నానం, తిండి, నిద్ర తానే చూసుకుంది, మేము పక్కన ఉన్నాం. తర్వాత వాళ్ళింటికి అందరం కలిసి వెళ్ళి పది రోజులు ఉన్నాం. అక్కడ పాప పక్క, దుప్పటి, గిన్నె అన్నీ ఇక్కడివే. టీకాల కార్డు, తూకాల పుస్తకం, ఏ మందు పడదో రాసిన కాగితం కూతురి చేతికి ఇచ్చి, తర్వాతి విటమిన్ ఏ తేదీ ఆమె ఫోన్‌లో పెట్టించాం. వచ్చేసేటప్పుడు పాప నిద్రలో ఉండగా చెప్పకుండా రాకూడదు. లేచి చూసి మనం లేకపోతే, తర్వాత అమ్మ అవతలి గదిలోకి వెళ్ళినా నమ్మకం లేక ఏడుస్తుంది. పట్టపగలు, తిని ఆడుకుంటున్నప్పుడు, "తాతా నేనూ హన్మకొండ పోతున్నం, ఆదివారం ఫోన్ చేస్తం" అని చెప్పి బయల్దేరాలి. పాప ఏడుస్తుంది, ఏడవనివ్వాలి, ఎత్తుకోవాల్సింది ఆమె అమ్మ. ఆదివారం చెప్పిన టైముకే ఫోన్ చేయాలి.